గచ్చు మన్నికకు అడుగు కాంక్రీటే ఆధారం

సొంత ఇల్లు సామాన్య కుటుంబానికి జీవితకాల స్వప్నం. గోడలు, కప్పు విషయంలో ఎంతో శ్రద్ధ వహించే గృహ నిర్మాణదారులు గచ్చు కింద వేసే కాంక్రీటును తరచు మేస్త్రీకే వదిలివేస్తున్నారు. బండలు పరచిన తరువాత అది కంటికి కనిపించకపోవడమే ఇందుకు కారణం. గృహప్రవేశం జరిగిన కొద్ది కాలానికే గచ్చు కుంగినా, బండలు పగిలినా లోపం చాలా సందర్భాలలో ఆ అడుగు పొరలలోనే ఉంటుంది.

నేల అంతస్తులో పునాది గోడల మధ్య నింపిన మట్టి, దానిపై ఇసుక, ఆపైన బెడ్ కాంక్రీటు కలసి గచ్చును మోస్తాయి. నివాస గదులకు బెడ్ కాంక్రీటు 4 అంగుళాల మందం ఉండటం వాడుకలో ఉన్న ప్రమాణం. ఒక పాలు సిమెంటు, 4 పాళ్లు ఇసుక, 8 పాళ్లు 40 మిల్లీమీటర్ల కంకర కలిపి దీనిని వేస్తారు. కారు లేదా ట్రాక్టరు నిలిపే చోట, ధాన్యం బస్తాలు నిల్వచేసే గదిలో 6 అంగుళాల మందం, సిమెంటు పాలు ఎక్కువగా ఉన్న మిశ్రమం అవసరం. మేడపై గదులకు స్లాబే ఆధారం కనుక అక్కడ ఈ పొర అక్కరలేదు. వేస్తే స్లాబుపై అనవసర భారం పడుతుంది.

ఖర్చు తగ్గుతుందని కొందరు 3 అంగుళాలతో సరిపెడుతున్నారు. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గదికి 4 అంగుళాల మందాన 40 ఘనపుటడుగుల కాంక్రీటు పడుతుంది. ఒక అంగుళం తగ్గిస్తే మిగిలేది 10 ఘనపుటడుగులు, అంటే సుమారు ఒక బస్తా సిమెంటు, దానికి తగిన ఇసుక, కంకర మాత్రమే. గచ్చు కుంగితే సామానంతా బయటపెట్టి, బండలు పెకలించి, తిరిగి పరిపించుకోవలసి వస్తుంది.

అయితే మందం ఒక్కటే రక్ష కాదు. వదులు మట్టిపై 6 అంగుళాల కాంక్రీటు వేసినా కుంగుబాటు తప్పదు. మట్టిని 6 నుంచి 8 అంగుళాల పొరలుగా నింపి, ప్రతి పొరను నీటితో తడిపి దిమ్మిస కొట్టాలి. నల్లరేగడి మట్టిని నింపరాదు. అది తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంచించుకుపోయి గచ్చును పగులగొడుతుంది. దానికి బదులు గ్రావెల్ వాడటం క్షేమం. వర్షపు నీరు పునాదిలోకి చేరకుండా గచ్చు మట్టం చుట్టుపక్కల నేలకంటే కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తున ఉండాలి.

కాంక్రీటు పోయడానికి ముందే నీటి గొట్టాలు, మురుగు గొట్టాల పని పూర్తి చేయించాలి. ఇసుక పై మట్టం నుంచి 4 అంగుళాల ఎత్తున నాలుగు గోడలపై గీత గీయిస్తే మందం సరిగా ఉన్నదీ లేనిదీ యజమానే స్వయంగా చూసుకోవచ్చు. వేసిన కాంక్రీటును కనీసం 7 రోజులు తడపాలి. బండలు పరచిన తరువాత ఈ లోపాలను సరిదిద్దడం కష్టసాధ్యం కనుక కాంక్రీటు వేసే రోజున యజమాని దగ్గరుండి పని చేయించుకోవడం ఎంతైనా అవసరం.