ముసురు పట్టకముందే సామాను తెచ్చుకోండి

2022 జులై 10న బక్రీద్. ఆ వారంలోనే గోదావరి పొంగి మంథని వీధుల్లోకి నీళ్లొచ్చాయి. 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. అందుకే రెడ్ అలర్ట్ అని చెప్పగానే గోదావరిఖని, రామగుండం వాళ్లు కిరాణా చూసుకోవాలి.

వారానికి సరిపడా బియ్యం, పప్పు, నూనె, చాయపత్తి చాలు. పసిపిల్లల పాలపొడి, పెద్దోళ్ల బీపీ, షుగర్ గోలీలు ముందు కొనాలి. తాగే నీళ్లు మనిషికి రోజుకు 4 లీటర్ల లెక్కన పట్టి పెట్టుకోవాలి.

కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవొద్దు. మూసి ఉంచితే ఫ్రిజ్‌లో 4 గంటలు, నిండా ఉన్న ఫ్రీజర్‌లో 48 గంటల దాకా గోష్ చెడదు. ముసురులో తునకలూ ఎండవు. కాబట్టి కుర్బానీ వాటాలు దాచకుండా వెంటనే పంచేయడమే మేలు.

ఓపెన్‌కాస్టులో నీళ్లు నిండి పని ఆగితే రోజు కూలీ ఇంట్లో వారం సామాను కొనే పైసలుండవు. మన లిస్టులో వాళ్లకూ రెండు కిలోల బియ్యం రాసుకుందాం.