గెలిచిన పేరు నిలిచే చోటు

కార్తీక అమావాస్య వచ్చిందంటే పల్నాటి కారెంపూడి నిండిపోతుంది. వీరుల ఉత్సవాలు అయిదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరుల ఆయుధాలకు నాగులేరులో స్నానం చేయించి పూజిస్తారు. పన్నెండో శతాబ్దంలో గురజాల, మాచర్ల రాజ్యాలు కొట్టుకుచావడానికి ఒక కోడిపందెం దారి తీసిందని పల్నాట ఎవరిని అడిగినా చెబుతారు. గురజాల పక్షాన నాయకురాలు నాగమ్మ, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచి పోవాలన్నది ఒప్పందం. మాచర్ల పక్షం ఓడింది.

ఎవరి పుంజు గెలిచిందన్న సంగతి ఎనిమిది వందల ఏళ్లుగా మరుగున పడలేదంటే దాన్ని మోసినవాళ్లు చాలామంది ఉన్నారన్నమాట. కారెంపూడిలో వీరుల గుడి ఉంది. ఏటా కోడిపోరు రోజున ఆ ఘట్టాన్ని మళ్లీ జరిపి చూపిస్తారు. వీరవిద్యావంతులు రాత్రుళ్లు కథ పాడతారు. శ్రీనాథుడి పేరున ద్విపద కావ్యం ఉంది, దాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. గాయకుల నోటి కథను జీన్ రోగేర్ అనే అమెరికన్ పండితుడు రికార్డు చేసి, ఇంగ్లీషు చేసి 1982లో పుస్తకంగా తెచ్చాడు. వీటిలో ఒకటి పోయినా మిగతావి నిలబెడతాయి.

ఇప్పుడు నరసరావుపేటలోనో మాచర్లలోనో నలుగురు కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని బీజీఎంఐ (బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అనే తుపాకుల ఆట ఆడుతుంటారు. చివరి ప్రత్యర్థి పడగానే తెర మీద ‘విన్నర్ విన్నర్ చికెన్ డిన్నర్’ అని మెరుస్తుంది. కోడితోనే యుద్ధం మొదలైన సీమలో గెలుపు కబురు కోడికూర పేరుతో రావడం నాకు ముచ్చటగా ఉంటుంది. ఆ మెరుపు కొన్ని క్షణాల్లో పోతుంది. పోయాక ఆ గెలుపు ఎక్కడుంటుంది? ఎవరి దగ్గరుంటుంది? ఎన్నేళ్లుంటుంది?

తొలి రోజుల్లో అది కరెంటు ఉన్నంతసేపే ఉండేది. 1978లో జపాన్‌లో వచ్చిన స్పేస్ ఇన్‌వేడర్స్ యంత్రం తెర పైభాగాన అప్పటిదాకా వచ్చిన అత్యధిక స్కోరును చూపేది. అంకె మాత్రమే, పేరు లేదు. మరుసటి ఏడు స్టార్ ఫైర్, ఆస్టరాయిడ్స్ ఆటలు గెలిచినవాళ్లను మూడక్షరాలు రాసుకోనిచ్చాయి. ఆ మూడక్షరాల కోసం పిల్లలు జేబులోని చిల్లరంతా యంత్రంలో వేసేవారు. కానీ ఆ అక్షరాలు కూర్చున్నది ర్యామ్‌లో. మామూలు ర్యామ్‌లోని ప్రతి బిట్టుకూ నిలబడి ఉండటానికి కరెంటు కావాలి. దుకాణదారు రాత్రి స్విచ్ కట్టేస్తే పొద్దున్నకల్లా పట్టిక ఖాళీ.

విలియమ్స్ కంపెనీ వారి డిఫెండర్ ఆట దీనికి దారి చూపింది. అందులో చాలా తక్కువ కరెంటు తాగే సీమాస్ మెమరీకి బ్యాటరీ తగిలించారు. ఒకే తెర మీద రెండు పట్టికలు: ఈ రోజు మొనగాళ్లు, ఎప్పటికీ మొనగాళ్లు. యంత్రం ఆపేసినా రెండో పట్టిక చెక్కుచెదరదు. ఇంట్లో ఆడే ఆటల కాట్రిడ్జిలకూ ఇదే పద్ధతి వచ్చింది. 1996లో జపాన్‌లో విడుదలైన పోకెమాన్ ఆటలో అందరినీ ఓడించి చాంపియన్ అయితే, ఆటగాడి జట్టు మొత్తం ‘హాల్ ఆఫ్ ఫేమ్’లోకి ఎక్కుతుంది. అలా యాభై గెలుపుల దాకా దాచుకుని, ఆటలోని కంప్యూటర్ దగ్గరికి పోయి ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చు. ఆ గెలుపులన్నిటినీ కాపాడుతున్నది కాట్రిడ్జి లోపల రూపాయి బిళ్లంత సెల్లు. పాతికేళ్లు దాటేసరికి ఆ సెళ్లు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి, వాటితో పాటు చిన్ననాటి చాంపియన్లూ మాయమవుతున్నారు. ఈ కాలపు ఫోన్లలోని ఫ్లాష్ మెమరీకి ఆ బాధ లేదు. విద్యుత్తును పోనివ్వని సన్నని పొరల మధ్య ఎలక్ట్రాన్లను బంధించి ఉంచుతుంది కాబట్టి, కరెంటు లేకపోయినా అవి అక్కడే ఉంటాయి.

మెమరీ నిలిచినా అంకె నిలవకపోవచ్చు. ఆస్టరాయిడ్స్‌లో ప్రతి స్కోరూ పది గుణిజమే, చివరి సున్నా ఎప్పుడూ మారదు. అందుకని యంత్రం దాని ముందున్న నాలుగు అంకెలనే దాచేది. 99,990 దాటిందా, మళ్లీ సున్నా. 1982 నవంబరులో పదిహేనేళ్ల స్కాట్ సాఫ్రన్ అనే అమెరికన్ కుర్రాడు ఒకే ఆటను రోజుల తరబడి సాగదీసి 4,13,36,440 పాయింట్లు చేశాడు. అంటే లెక్క 413 సార్లు సున్నాకు తిరిగి వచ్చింది. ఆట ముగిసినప్పుడు ఆ యంత్రం వరకు అతని ఘనత 36,440 మాత్రమే! మిగతాదంతా పక్కన నిలబడి ఎన్నిసార్లు తిరిగిందో రాసుకున్న మనుషుల పుణ్యం. ఆ రికార్డు 2010 దాకా చెదరలేదు. ఆటల స్కోర్లకు సాక్ష్యం సేకరించి దాచడమే పనిగా పెట్టుకున్న ట్విన్ గెలాక్సీస్ అనే సంస్థ అదే 1982లో అయోవా రాష్ట్రంలో తన స్కోరుబోర్డు మొదలుపెట్టింది.

ఇంటర్నెట్ వచ్చాక సాక్షి మారింది. బీజీఎంఐ లాంటి ఆటలో ఫోనులో కనిపించేది బొమ్మ మాత్రమే, తీర్పు చెప్పేది కంపెనీ సర్వర్. ఎవరు ఎవరిని కొట్టారో, ఎవరు ఆఖరున మిగిలారో అదే నిర్ణయించి తన పద్దులో రాస్తుంది. ఫోనులోని అంకెను ఎవరైనా తెలివిగా మార్చినా సర్వర్ ఒప్పుకోదు. ఆటగాళ్లు బ్రాంజ్ నుంచి ఏస్ దాకా మెట్లు ఎక్కుతారు, ఆపైన కాంకరర్. సర్వర్ మొత్తంలో మొదటి 500 మందికే ఆ బిరుదు. ఎవరైనా మీదికొస్తే పాతవాళ్లు జారిపోతారు. సీజన్ ముగిస్తే అందరూ కిందికి దిగి మళ్లీ మొదలుపెట్టాలి. ప్రొఫైల్లో మాత్రం ఫలానా సీజన్‌లో కాంకరర్ అన్న గుర్తు మిగులుతుంది.

ఇక్కడొక చక్కని గణిత సమస్య ఉంది. పది లక్షల మంది ఆడుతుంటే నా ర్యాంకు ఎంతో క్షణంలో ఎలా చెబుతారు? పైనుంచి ఒక్కొక్కరినీ లెక్కపెడుతూ వస్తే సర్వర్ అలిసిపోతుంది, పైగా ప్రతి క్షణం ఎవరో ఒకరి పాయింట్లు మారుతూనే ఉంటాయి. అందుకని పేర్ల వరుసను అంతస్తులుగా కడతారు. గుంటూరు నుంచి మాచర్ల వైపు చిన్న ఊరికి పోయేవాళ్లు ముందు ఎక్స్‌ప్రెస్‌లో సత్తెనపల్లో పిడుగురాళ్లో చేరి, అక్కడ ప్యాసింజరు ఎక్కినట్టే ఇదీ. పై అంతస్తులో కొద్ది పేర్లే ఉంటాయి, వాటి మీదుగా పెద్ద గెంతులు వేసి కావలసిన చోటు దగ్గర పడ్డాక కింది అంతస్తుకు దిగుతారు. ప్రతి గెంతు దగ్గరా అది ఎంతమందిని దాటుతుందో రాసి ఉంటుంది. ఆ అంకెలు కూడితే ర్యాంకు వచ్చేస్తుంది. అంతస్తు ఎక్కినకొద్దీ పేర్లు సగమవుతూ పోతాయనుకుంటే, రెండును ఇరవై సార్లు గుణిస్తే 10,48,576 కనుక, పది లక్షల మందిలో ఒకరిని పట్టుకోవడానికి సుమారుగా కొన్ని పదుల అడుగులు సరిపోతాయి.

ర్యాంకు వేరు, గెలుపు వేరు. దీన్ని మన గుంటూరు చదరంగం ఆటగాళ్లను చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. గుంటూరులో పుట్టిన పెంటేల హరికృష్ణ 2004లో ప్రపంచ జూనియర్ చాంపియన్. అది జరిగిపోయిన ఘటన, ఎవరూ తీసేయలేరు. 2016 డిసెంబరులో అతని రేటింగ్ 2770. అది ఆ నెల నాటి అంచనా, తర్వాత మారింది. ఆర్పాడ్ ఎలో రూపొందించిన ఈ లెక్కను ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో చేపట్టింది. 200 పాయింట్లు ఎక్కువున్న ఆటగాడు వంద ఆటల్లో 76 పాయింట్లు తెచ్చుకోవాలని ఈ లెక్క ఆశిస్తుంది. అగ్రశ్రేణిలో అతను గెలిస్తే 2.4 పాయింట్లు కలుస్తాయి, ఓడితే 7.6 పోతాయి. చిన్నవాణ్ని ఓడిస్తే కొంచెం, పెద్దవాణ్ని ఓడిస్తే చాలా. వీడియో గేముల రేటింగులు చాలామటుకు దీని సంతతే. మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ కోసం చేసిన ట్రూస్కిల్ ఇంకో అడుగు ముందుకేసి, ఆటగాడి సత్తాతో పాటు ఆ అంచనా మీద తనకున్న అనుమానాన్నీ అంకెగా పెట్టుకుంటుంది.

పోటీల్లో లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. 2024లో బీజీఎంఐ జాతీయ పోటీ ఫైనల్స్ హైదరాబాద్ హైటెక్స్‌లో జరిగాయి, టీమ్ ఎక్స్‌స్పార్క్ గెలిచింది. అక్కడ ప్రతి మ్యాచ్‌లో మొదటి స్థానానికి 10, రెండోదానికి 6, తర్వాత 5, 4, 3, 2, 1, 1. దీనికి తోడు ఒక్కో ఫినిష్‌కు, అంటే పడగొట్టిన ఒక్కో ప్రత్యర్థికి, ఒక పాయింటు. దాక్కుని చివరిదాకా బతికినవాడికీ, ఎదురెళ్లి కొట్టినవాడికీ మధ్య తూకం పట్టడమే ఈ పట్టిక పని.

గెలుపును దాచడం సగం పని, చూపడం మిగతా సగం. లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటలో ప్రపంచ కప్పు గెలిచిన జట్టు సభ్యులు తాము ఆడిన పాత్రలకు ప్రత్యేక వేషం చేయించుకుంటారు, ఆ వేషం వేసుకుని ప్రపంచమంతా ఆడుతుంది. నాకు అన్నిటికంటే నచ్చినది మాత్రం కౌంటర్ స్ట్రైక్‌లోని గోడ బొమ్మ. 2016లో అమెరికాలోని కొలంబస్‌లో పెద్ద పోటీ. సెమీఫైనల్లో బ్రెజిల్ ఆటగాడు కోల్డ్‌జెరా గాలిలోకి ఎగిరి, గురి అద్దంలోంచి చూడకుండానే కాల్చి, వరసగా నలుగురిని పడగొట్టి ఓటమి అంచున ఉన్న తన జట్టును నిలబెట్టాడు. ఆ జట్టే చివరికి కప్పు ఎత్తింది. ఆట తయారుచేసిన వాల్వ్ కంపెనీ ‘మిరాజ్’ అనే ఆ మ్యాపులో, అతను ఎగిరిన చోటనే గోడ మీద రెక్కల తుపాకీ బొమ్మ గీయించింది. అక్కడికి ఎవరు ఆడటానికి వెళ్లినా ఆ బొమ్మ కనిపిస్తుంది. వీరుడు పడిన నేల మీదే రాయి నిలపడం మన వీరగల్లుల పద్ధతి. మాచర్ల పక్కనే నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు ఛాయాస్తంభాలు (స్మారక స్తంభాలు) దొరికాయి. వాటి మీద రాజులతో పాటు సేనానులకూ సైనికులకూ చోటుంది. కొలంబస్ ఆటనూ ఇక్ష్వాకుల స్తంభాలనూ కలిపి చూడటం అతిశయం కాదనే నా నమ్మకం. ఎక్కడ జరిగిందో అక్కడే గుర్తు నిలిస్తే చూసేవాళ్లు ఆ ఘటనలో నిలబడ్డట్టే.

అయితే స్తంభం రాయి, సర్వర్ ఒకరి సొత్తు. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించింది, అక్టోబరు చివరికి మన దేశంలో దాని సర్వర్లు ఆగిపోయాయి. కోట్లమంది బిరుదులు, పతకాలు ఒక్కసారిగా కనిపించకుండా పోయాయి. 2021లో దాని స్థానంలో బీజీఎంఐ వచ్చినప్పుడు పాత ఖాతా వివరాలను కొత్తదానిలోకి తెచ్చుకునే వీలు కల్పించారు. 2022 జులైలో దాన్నీ యాప్ దుకాణాల నుంచి తీసేశారు, 2023 మేలో తిరిగి వచ్చింది. నాగార్జునసాగర్ నీళ్లు లోయను ముంచక ముందే తవ్వకాలు జరిపి, కట్టడాలను కొండ మీదికీ అనుపుకూ తరలించి నిలబెట్టారు కాబట్టి ఇక్ష్వాకుల ఆనవాళ్లు మనకు మిగిలాయి. డిజిటల్ గెలుపులకు అలా తరలించే ఏర్పాటు కంపెనీ దయ మీద ఆధారపడి ఉండటం నాకు మింగుడు పడదు. మన పిల్లలు చెమటోడ్చి సాధించింది అది.

దీనికి చదరంగంలో మందు ఎప్పటినుంచో ఉంది. హరికృష్ణ, మరో గుంటూరు క్రీడాకారిణి ద్రోణవల్లి హారిక ఆడిన ఆటల్లో ఎత్తులన్నీ రాసి ఉన్నాయి. ఆ కాగితం ఎవరి చేతిలో పెట్టినా బల్ల మీద పావులు పెట్టుకుని మొత్తం ఆటను మళ్లీ ఆడి, గెలుపు నిజమేనని తేల్చుకోవచ్చు. వీడియో గేముకూ ఇది సాధ్యమే. 1993లో వచ్చిన డూమ్ ఆట సెకనును 35 ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్కలో ఆటగాడు ముందుకో వెనక్కో నడిచాడా, పక్కకు జరిగాడా, ఎటు తిరిగాడు, ఏ మీట నొక్కాడు అన్న నాలుగు సంగతులను నాలుగు బైట్లలో రాస్తుంది. నిమిషానికి 8,400 బైట్లు. ఈ వ్యాసం కంప్యూటర్లో అంతకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. బొమ్మలేవీ దాచనక్కర్లేదు. అదృష్టం కూడా ఆటలో ముందే రాసిపెట్టిన 256 అంకెల పట్టిక నుంచే వస్తుంది కనుక, అవే మీటలు అదే క్రమంలో నొక్కితే అదే రాక్షసుడు అదే చోట పడతాడు. అలాంటి ఫైలును నకిలీ చేయడం వీడియోను మార్చినంత సులువు కాదు, ఎవరి ఇంట్లోనైనా నడిపి పరీక్షించుకోవచ్చు.

నరసరావుపేటలో ఏ కాలేజీ పండగకైనా బీజీఎంఐ పోటీ పెడితే నిర్వాహకులు కప్పు ఫొటోతో ఆగకూడదు. ప్రతి మ్యాచ్‌కూ మ్యాపు పేరు, అన్ని జట్ల స్థానాలు, ఫినిష్‌లు, తేదీ రాసి, ఫలితం చూపే తెరల చిత్రాలను భద్రపరచి, ఒక ప్రతి గెలిచినవాళ్ల చేతిలో, ఒకటి కాలేజీ లైబ్రరీలో ఉంచాలి. ఆట ఏ వెర్షనో కూడా రాయాలి. దాన్ని అందరూ మరిచిపోతారు. డూమ్ ఫైలును వేరే వెర్షన్‌లో నడిపితే ఎక్కడో ఒక అడుగు తేడా వస్తుంది, అక్కడినుంచి ఆటగాడు గోడలకు గుద్దుకుంటూ, లేని శత్రువుల మీద కాలుస్తూ తిరుగుతాడు. ఆ ఆట మూలకోడ్‌ను తయారీదారులు 1997లో అందరికీ విడుదల చేశారు. దాన్ని పట్టుకుని అభిమానులు పాత వెర్షన్లు ఒక్కొక్కటీ ఎలా నడిచేవో అచ్చం అలాగే నడిచే ప్రోగ్రాములు రాశారు. 1990ల్లో ఎవరో ఎక్కడో గెలిచిన ఆట ఈ రోజు ల్యాప్‌టాప్ మీద ఒక్క అడుగు కూడా తప్పకుండా నడుస్తోంది.