అన్నయ్య టేపులోని గిటారు

1982లో 'పయణంగళ్ ముడివదిల్లై' విడుదలైనప్పుడు నాకు పన్నెండేళ్ళు. రాజపాళయంలో మా ఇంట మాటలు తెలుగు, పాటలు తమిళం. ఇళయరాజా స్వరపరచగా మన బాలు పాడిన 'ఇళయ నిలా'లో చంద్రశేఖర్ గిటారు వినడానికే అన్నయ్య ఆ క్యాసెట్టును అరగదీశాడు.

ఇప్పుడు అన్నయ్య లేడు, అతని గిటారుంది. దానికి పికప్ పెట్టించి, డిజిటల్ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ కొన్నాను. అందులో కోరస్ అని ఒకటుంది. స్వరాన్ని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేసి, ఆ ఆలస్యాన్ని పెంచుతూ తగ్గిస్తూ అసలు స్వరంతో కలుపుతుంది. దాన్ని కాస్త పెంచి, ట్రెబుల్ బాగా తగ్గించాను. చిన్ననాడు విన్న నాదం పలికింది!

మర్నాడు అదే పాట సీడీలో విన్నాను. అక్కడ తీగలు తళతళలాడుతున్నాయి, నాది మసక. బ్యాంకులో లెక్క కుదరకపోతే ముందు మన పద్దులే చూసుకుంటాం. తేడా నా దగ్గరే ఉంది. అరిగిన టేపు, మురికిపట్టిన హెడ్డు ట్రెబుల్‌ను మింగేస్తాయి. మోటారు నిలకడ తప్పితే స్వరం ఊగుతుంది. నేను పలికించింది స్టూడియో గిటారును కాదు, మా అన్నయ్య టేప్‌రికార్డరును.

ప్రాసెసర్‌లో రెండు నాదాలూ దాచుకున్నాను. పిల్లలకు రికార్డుది వినిపిస్తాను. అన్నయ్యది ఒంటరిగా ఉన్నప్పుడు.

మీ ఇంటి పాత క్యాసెట్లు పారేసే ముందు ఒక్కసారి వినండి.