చన్నీటి చేప, తిరిగే రేకు: బ్రౌన్ ట్రౌట్ వేట విశేషాలు

ఏరు చల్లగా ఉండాలి. నీరు నిలవకుండా పారాలి. అడుగున గులకరాళ్లు పరుచుకుని ఉండాలి. ఈ మూడూ కుదిరిన చోటే బ్రౌన్ ట్రౌట్ వంశం నిలుస్తుంది. గోధుమ, పసుపు కలిసిన ఒళ్లు, దాని మీద నల్ల మచ్చలు, పక్కల్లో లేత వలయాల మధ్య ఎర్ర చుక్కలతో చూడ్డానికి ముచ్చటైన చేప. పట్టబోతే మాత్రం మహా జాగరూకత చూపిస్తుంది. వానపాము గుచ్చకుండా, పిండిముద్ద పెట్టకుండా, గిర్రున తిరిగే లోహపు రేకుతో దీన్ని గాలానికి రప్పించే విద్య ఒకటుంది. ఆ విద్యలో పనికొచ్చిన పరికరాల కథలు వింటే ఒకటి అర్థమవుతుంది. వాటి వెనకున్న వాళ్లంతా చేపనో, నీటినో, తమ చేతిలోని పనినో ఓపిగ్గా గమనించినవాళ్లే.

జారిపడిన చెంచా

అమెరికాలో జూలియో బ్యూయెల్ అనే కుర్రవాడు వెర్మాంట్ రాష్ట్రంలోని బొమొసీన్ సరస్సులో పడవ మీద భోజనం చేస్తూ చెంచా జారవిడిచాడట. అది తళుక్కుమంటూ, అటూ ఇటూ ఊగుతూ దిగుతుంటే ఒక పెద్ద చేప వచ్చి మింగేసిందట. వేటగాళ్లు తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. కథ సంగతి ఎలా ఉన్నా, చెంచా కాడ విరిచేసి గాలం అతికించే పద్ధతిని వ్యాపారంగా మార్చింది మాత్రం బ్యూయెలే. 1852లో ఆయనకు పేటెంట్ కూడా వచ్చింది. లోహపు ఎరలను ఇప్పటికీ స్పూన్లనే పిలుస్తున్నారు.

రేకులో ఉన్న రహస్యం

ఇలా గిర్రున తిరిగే రేకు ఉన్న ఎరను స్పిన్నర్ అంటారు. దాని నిర్మాణం చాలా సాదా. నిటారుగా ఒక ఉక్కు తీగ, దాని చుట్టూ తిరిగే రేకు, కింద బరువు కోసం ఇత్తడి పూస, చివర మూడు కొంకుల గాలం. దారం లాగగానే నీటి ఒత్తిడికి రేకు తిరుగుతుంది. గుండ్రటి వెడల్పు రేకు తీగకు దూరంగా జరిగి నెమ్మదిగా తిరుగుతుంది, నీటిని గట్టిగా కదుపుతుంది. అందుకే నింపాదిగా పారే మడుగులకు అది నప్పుతుంది. ఆకులా సన్నగా ఉండే రేకు తీగను అంటిపెట్టుకుని వేగంగా తిరుగుతుంది కాబట్టి ఉరవడి ఎక్కువున్న చోట పనికొస్తుంది. ఏటి ట్రౌట్ కోసం సాధారణంగా 2 నుంచి 7 గ్రాముల స్పిన్నర్లు వాడతారు. తేటనీటికి వెండి రంగు, కాస్త కలకబారిన నీటికి బంగారు లేదా రాగి రంగు ఎంచుకోవడం వేటగాళ్లలో ఆనవాయితీ.

పక్కల్లో ఉన్న చెవి

స్పిన్నర్ ఏ పురుగులాగా ఉండదు, ఏ చేపపిల్లలాగానూ ఉండదు. మరి ట్రౌట్ దాన్ని ఎందుకు పట్టుకుంటుంది? చేప ఒంటికి రెండు పక్కలా, తల వెనక నుంచి తోక దాకా సన్నటి గీత ఉంటుంది. జీవశాస్త్ర పాఠాల్లో పార్శ్వ రేఖ అని చదువుకున్నది అదే. ఆ గీత వెంట ఉన్న రంధ్రాల లోపల, జిగురులో మునిగిన సూక్ష్మ రోమాలుంటాయి. దగ్గరలో ఏది కదిలినా ఆ నీటి కదలికకు రోమాలు వంగుతాయి, నరాలు మెదడుకు కబురు చేరవేస్తాయి. తిరిగే రేకు పుట్టించే అదురు ఈ ఇంద్రియానికి తగులుతుంది. పైగా రేకు తళుకు పక్కకు ఒరిగిన చిరుచేప పొలుసుల మెరుపును తలపిస్తుంది. చూపూ స్పర్శా రెండూ ఒకే మాట చెప్పేసరికి చేప దూకుతుంది.

పిల్లచేపకు కనిపించే రంగు

ట్రౌట్ పిల్లల కళ్లలో అతినీలలోహిత కాంతిని పట్టగల ప్రత్యేక కణాలుంటాయి. మనిషి కంటికి ఆ కాంతి అసలు తెలియదు. చేప పెరిగి రెండేళ్ల వయసుకు వచ్చేసరికి ఆ కణాలు మాయమవుతాయని 1987లో వెలువడిన ఒక పరిశోధన చూపించింది. అంటే పిల్లచేప చూసే ఏరు, పెద్దచేప చూసే ఏరు ఒకటి కావు.

నీటి కప్పులో గుండ్రటి కిటికీ

నీటి లోపలి నుంచి పైకి చూసే చేపకు బయటి లోకమంతా ఒక గుండ్రటి కిటికీలోంచే కనిపిస్తుంది. కాంతి వంగడం వల్ల ఆ కిటికీ కోణం సుమారు 97 డిగ్రీలు ఉంటుంది. దాని అవతల నీటి ఉపరితలం అద్దంలా అడుగునే చూపిస్తుంది. గట్టున నిటారుగా నిలబడ్డ మనిషి ఆ కిటికీలో తేలిగ్గా పడతాడు. ఒంగి, పొద చాటున కదిలితే అంచులో అణిగిపోతాడు. ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా తలపెట్టి ఉంటుంది, సరిగ్గా తోక వెనక దానికి చూపు అందదు. అందుకే అనుభవజ్ఞులు ఏటి దిగువ నుంచి ఎగువకు నడుస్తూ వేటాడతారు.

వేగం, నెమ్మది కలిసే చోటు

ట్రౌట్ పొదుపరి. పరుగెత్తే నీటిలో ఈదుతూ శక్తి పోగొట్టుకోదు. బండరాయి వెనకో, ఉరవడి పక్కనే ఉన్న నెమ్మది నీటిలోనో నిలబడి, పక్కనుంచి కొట్టుకొచ్చే తిండిని అందుకుంటుంది. అలాంటి మంచి చోటు కోసం చేపల మధ్య పోటీ ఉంటుంది. మేలైన చోటు పెద్దదానికే దక్కుతుంది. స్పిన్నర్‌ను ఎగువకు విసిరి ఆ హద్దు వెంట తేవాలి. ప్రవాహం కన్నా కొంచెం వేగంగా చుడితేనే రేకు తిరుగుతుంది. లేకపోతే అది ఎండుటాకులా కొట్టుకొస్తుంది, చేప పట్టించుకోదు. వాన వెలిసి, వరద తగ్గి, నీరు తేరుకుంటున్న వేళ వేటకు అనువైనదని ఐరోపా ఏటిగట్ల మీద అందరూ చెబుతారు.

ఉన్ని మిల్లులో పుట్టిన రీలు

మూడు గ్రాముల రేకును ఇరవై గజాలు విసరడం ఒకప్పుడు దాదాపు అసాధ్యం. పాత రీళ్లలో దారం బయటికి పోవాలంటే చక్రం మొత్తం తిరగాలి, తేలికైన ఎరకు దాన్ని తిప్పే బలం ఉండదు. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని బట్టలకు పేరుపడ్డ ఊరు. అక్కడి మిల్లు యజమాని ఆల్ఫ్రెడ్ ఇలింగ్‌వర్త్ మరమగ్గాల దగ్గర కదలకుండా ఉన్న కండె కొన నుంచి నూలు జారిపోవడం చూసి, అదే పద్ధతిలో రీలు తయారుచేసి 1905లో పేటెంట్ పొందాడు. ఈనాటి స్పిన్నింగ్ రీళ్లన్నిటికీ మూలం అదే. 1930ల చివర్లో నైలాన్ దారం రావడంతో పట్టుదారం కాలం క్రమంగా ముగిసింది.

ఫ్రాన్స్ రేకుకు ఉడుత తోక

ప్రపంచంలో బాగా పేరున్న మెప్స్ స్పిన్నర్‌ను 1938లో ఫ్రాన్స్ ఇంజినీరు ఆంద్రే మెల్నార్ రూపొందించాడు. 1951లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, గాలాల దుకాణం నడిపే టాడ్ షెల్డన్ వుల్ఫ్ నదిలో ఏదీ పడక విసిగిపోయి, ఎన్నాళ్లుగానో పెట్టెలో పడున్న మెప్స్ ఒకటి కట్టాడు. నాలుగు ట్రౌట్లు దక్కాయి, మొత్తం బరువు 12 పౌండ్ల పైమాటే. ఆ స్పిన్నర్లు ఆయనకు అందింది యుద్ధకాలంలో ఫ్రాన్స్ వెళ్లొచ్చిన ఒక సైనికుడి ద్వారా. అతను ఒక ఫ్రెంచి మహిళకు నైలాన్ మేజోళ్లు పంపి, బదులుగా స్పిన్నర్లు తెప్పించేవాడట. తర్వాత షెల్డన్ వాటిని దేశమంతటికీ పరిచయం చేశాడు. గాలానికి చుట్టే కుచ్చు కోసం రకరకాల జంతువుల వెంట్రుకలు పరీక్షించి, చివరికి ఉడుత తోకే మేలని తేల్చారు, నీటిలో అది ప్రాణమున్నట్టు అలలాడుతుంది. తిండి కోసం వేటాడిన ఉడుతల తోకలనే కంపెనీ కొంటుంది, తోక కోసం ఉడుతను చంపవద్దని వేటగాళ్లను కోరుతుంది.

చాక్లెట్ రేపరుతో చేసిన చేప

ఫిన్లాండ్ జాలరి లౌరి రపాలా పైయానే సరస్సులో వలలు వేస్తూ ఒక సంగతి గమనించాడు. చిరుచేపల గుంపులో దెబ్బతిన్నది, ఒంకరగా ఈదేది ఏదో దాన్నే పెద్దచేపలు ఎంచుకుని పట్టుకుంటున్నాయి. 1936లో ఆయన బెండు ముక్కను చెప్పులు కుట్టేవాళ్ల కత్తితో చెక్కి, దానికి చాక్లెట్ చుట్టే మెరుపు కాగితం అంటించి, ఫొటో నెగెటివ్‌లు కరిగించి పైన పూతగా పూశాడు. ఆ బెండు చేప అచ్చం దెబ్బతిన్న చేపలాగే ఊగింది. 1962 ఆగస్టులో అమెరికా 'లైఫ్' పత్రిక మార్లిన్ మన్రో ముఖచిత్రంతో వచ్చిన సంచికలో ఈ ఎర గురించి రాసింది. ఆ దెబ్బతో రపాలా కుటుంబానికి చేయగలిగినదానికి మించి ఆర్డర్లు వచ్చిపడ్డాయి.

గ్రాము ఎర, పద్దెనిమిది కిలోల చేప

1992 మేలో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో, లిటిల్ రెడ్ నదిలో 18 కిలోలు దాటిన బ్రౌన్ ట్రౌట్ దొరికింది. దాన్ని పట్టిన ఎర బరువు గ్రాముకు లోపే, దారం నాలుగు పౌండ్ల బలానిది. 2009లో మిచిగన్‌లోని మనిస్టీ నదిలో దొరికిన చేప ఆ రికార్డు దాటింది. ఆ చేప రపాలా ఎరకే పడింది. 2020లో న్యూజీలాండ్‌లోని ఓహౌ కాలువలో 20 కిలోల పైబడిన ట్రౌట్ ఆ గౌరవం దక్కించుకుంది.

ఎలుకల ఏడాది

ఏటిలో చిన్న ట్రౌట్లకు పురుగులే ఆహారం. ఒంటి పొడవు 30 సెంటీమీటర్లకు చేరేసరికి చాలావాటి దృష్టి చేపల మీదికి మళ్లుతుంది. బాగా పెద్దవి చీకటి పడ్డాక వేటాడతాయి. న్యూజీలాండ్ బీచ్ అడవుల్లో చెట్లు విరగగాసిన ఏడు ఎలుకలు పెచ్చుపెరుగుతాయి. ఏర్లు దాటబోయిన ఎలుకలను ట్రౌట్లు మింగుతాయి. ఆ ఏడు చేపలు అసాధారణంగా బలుస్తాయి.

ఒకే జాతి, ఎన్నో రూపాలు

1758లో లిన్నేయస్ ఏటి ట్రౌట్‌ను, వాగు ట్రౌట్‌ను, సముద్రానికి వెళ్లొచ్చే ట్రౌట్‌ను వేర్వేరు జాతులుగా రాశాడు. అవన్నీ ఒకే జాతి అని తర్వాత తేలింది. ఒకే తల్లి పిల్లల్లో కొన్ని ఏటిలోనే ఉండిపోతే, కొన్ని వెండిరంగుకు మారి కడలి దారి పడతాయి. ఐర్లండ్‌లోని మెల్విన్ సరస్సులో మూడు రకాల ట్రౌట్లు పక్కపక్కనే ఉంటూ, వేర్వేరు తిండి తింటూ, వేర్వేరు చోట్ల గుడ్లు పెడతాయి. 

మంచు పెట్టెల్లో గుడ్లు

సాల్మన్ గుడ్లను ఇంగ్లండ్ నుంచి టాస్మేనియాకు చేర్చాలని చేసిన తొలి ప్రయత్నాలు విఫలమయ్యాయి. 1864లో జేమ్స్ యూల్ పర్యవేక్షణలో, నాచు పరిచిన పెట్టెల్లో గుడ్లుంచి, చుట్టూ మంచుగడ్డలు పేర్చి 'నార్ఫోక్' ఓడలో పంపారు. సాల్మన్ గుడ్లు 90 వేల పైచిలుకు, వాటితో పాటు బ్రౌన్ ట్రౌట్ గుడ్లు మూడు వేల లోపు. ఆశలు పెట్టుకున్న సాల్మన్ నిలదొక్కుకోలేదు, కూడా వచ్చిన ట్రౌట్ స్థిరపడింది. 1867లో దాని సంతతి న్యూజీలాండ్‌కు వెళ్లింది. 1883లో జర్మనీ నుంచి ఓడలో వచ్చిన గుడ్లతో అమెరికాలోనూ అడుగుపెట్టింది.

మన దేశంలో

1863లో మద్రాసు ప్రెసిడెన్సీ వైద్యుడు, మత్స్యశాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే నీలగిరులకు ట్రౌట్ తేవాలని ప్రయత్నించాడు, ఫలించలేదు. 1899లో కశ్మీర్‌కు పంపిన గుడ్లు దారిలోనే పాడయ్యాయి. 1900లో స్కాట్లండ్ నుంచి వచ్చినవి బతికాయి. శ్రీనగర్‌లో తివాచీల పరిశ్రమ నడిపిన ఫ్రాంక్ మిచెల్ వాటిని పెంచే బాధ్యత తీసుకున్నాడు. 1909లో కశ్మీర్ నుంచి కులూ లోయకు గుడ్లు చేరాయి. నేడు లిద్దర్, బియాస్, తీర్థన్ నదుల్లో గాలం వేసేవారికి దొరికే బ్రౌన్ ట్రౌట్ ఆ ప్రయాణాల ఫలమే.

వేడికి తాళలేని ప్రాణం

నీటి వేడి 19 డిగ్రీలు దాటితే బ్రౌన్ ట్రౌట్ తిండి మీద ధ్యాస తగ్గుతుంది. 25 దగ్గర రోజుల తరబడి ఉంటే ప్రాణమే పోతుంది. లీటరు నీటిలో 10 డిగ్రీల దగ్గర సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 25 దగ్గర 8 మిల్లీగ్రాములే. వేసవి కృష్ణా గోదావరుల్లో ఇది బతకలేకపోవడానికి కారణం ఇదే. వాతావరణం వేడెక్కుతున్న కొద్దీ దీని సొంత ఇల్లైన ఐరోపా ఏర్లు కూడా దీనికి ఇరుకవుతున్నాయి.

అతిథి చేసిన నష్టం

ప్రపంచానికి అత్యంత హాని చేసిన 100 చొరబాటు జాతుల జాబితాలో బ్రౌన్ ట్రౌట్ ఉంది. న్యూజీలాండ్ ఏర్లలో స్థానిక గలాక్సియస్ చేపలు దీని నోట పడి, చాలాచోట్ల కనిపించకుండా పోయాయి. ఇది మనం మరచిపోకూడని మాట. ఎంత అందమైన చేపనైనా దానిది కాని నీటిలో వదలడం అక్కడి చేపలకు అన్యాయం చేయడమే. అదే న్యూజీలాండ్‌లో డిడిమో అనే నాచు వేటగాళ్ల బూట్లతో ఒక నది నుంచి మరో నదికి పాకుతోందని గుర్తించి, 2008లో ఉన్ని అడుగు బూట్లను నిషేధించారు. అక్కడ ట్రౌట్‌ను అమ్మడం కూడా చట్టవిరుద్ధం. గాలంతో పట్టుకుని తినొచ్చు, వ్యాపారం చేయకూడదు.

గాలం పట్టే ముందు

శరదృతువు చివర ఆడ ట్రౌట్ పక్కకు ఒరిగి, తోకతో గులకరాళ్లు తవ్వి, గుంటలో గుడ్లు పెట్టి, మళ్లీ రాళ్లతో కప్పుతుంది. శీతాకాలమంతా గుడ్లు ఆ రాళ్ల సందుల్లోనే ఎదుగుతాయి. హిమాచల్‌లో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరి దాకా ట్రౌట్ వేట ఆపేది ఇందుకే. సీజను వచ్చాక అక్కడికి వెళ్లే మనవాళ్లు మొదట మత్స్యశాఖ లైసెన్సు తీసుకోవాలి. మూడు కొంకుల గాలం తీసేసి ఒంటి కొంకి పెట్టుకుని, దాని ముల్లు నొక్కేస్తే చేప నోరు చీలదు. వదిలేయదలచిన చేపను తడి చేత్తోనే ముట్టుకోవాలి. పొడి చెయ్యి ఒంటిమీది జిగురును తుడిచేస్తుంది, రోగాల నుంచి చేపను కాచేది ఆ జిగురే. నీటిలోనే ఉంచి కొంకి తీసి, ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి పట్టుకుంటే మొప్పలు తేరుకుంటాయి. చేప తనంతట తాను ఈదిపోయే దాకా తొందరపడకూడదు. ఎరలు తయారుచేసినవాళ్లు చేపను అంత శ్రద్ధగా చూశారు, ఆ ఎరలు వాడే మనం అంతకన్నా ఎక్కువ శ్రద్ధగా చూడాలి.