శ్రామికుని హెల్మెట్‌కు నీడ అమర్చుట ఎట్లు?

రాయి పడినను తల పగులకుండ కాపాడు హెల్మెట్, ఎండనుండి మెడను, చెవులను కాపాడలేకున్నది. ఆ కొరతను తీర్చుకొనుటకు శ్రామికులు తమకు తోచిన ఉపాయములు చేసికొంటున్నారు. కొందరు హెల్మెట్ లోపల తువ్వాలు కుక్కుతారు. కొందరు దాని అంచుకు పాతగుడ్డ కట్టుకొంటారు. మరికొందరు హెల్మెట్‌నే ప్రక్కన పెట్టి తలగుడ్డ చుట్టుకొంటారు. ఎండకు పనికివచ్చునది దెబ్బకు పనికిరాదు. దెబ్బకు పనికివచ్చునది ఎండకు చాలదు. ఈ రెండింటిని ఒక్కటిగా ఆపగలిగి, ఒక వేసవితో చిరిగిపోక నిలుచునట్టి నీడను హెల్మెట్‌కు ఎట్లు అమర్చవచ్చునో విచారించుట ఈ వ్యాసము ఉద్దేశము.

మన సీమ, మన ఎండ

అనంతపురము ప్రాంతమున సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే పడుతుంది. వేరుసెనగ చేతికి రాని ఏడు రైతు కూలీ అవుతాడు. కూలీ పొలము విడిచి కాలువ త్రవ్వకానికో, రాతి గనికో, కట్టడపు పనికో పోతాడు. గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన నార్పల మండలము బండ్లపల్లిలో ఆరంభమైన సంగతి మన పాఠకులకు తెలియనిది కాదు. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా విడివడుటకు పూర్వపు అనంతపురము జిల్లాను కలిపి చూచినచో, తాడిపత్రి రాతి గనులు, హంద్రీ-నీవా కాలువలు, రామగిరి కొండలమీది గాలిమరలు, నంబులపూలకుంట సౌరవిద్యుత్ కేంద్రము, ఇవి అన్నియు ఆరుబయట ఎండలో నిలిచిన మనుష్యుల చేతిపనియే. వీరిలో పలువురు మన ఇండ్లవారు, మన వీధులవారు.

ఈ ఎండ ఎంతటిదో లెక్కలో చూతము. నిర్మలమైన ఆకాశమున మధ్యాహ్నపు ఎండ ఒక చదరపు మీటరు స్థలముమీద ఇంచుమించు 1000 వాట్ల శక్తిని కురిపిస్తుంది. సౌరఫలకముల సామర్థ్యమును కొలుచునప్పుడు ప్రమాణముగా తీసికొను సంఖ్య కూడ ఇదే. హెల్మెట్‌ను పైనుండి చూచినచో అది చదరపు మీటరులో ఇరువదవ వంతు స్థలమును ఆక్రమిస్తుంది. అనగా దానిమీద సుమారు 50 వాట్ల శక్తి ఎడతెగక పడుచుండును. తెల్లని చిప్ప అందులో అధిక భాగమును వెనుకకు త్రిప్పి పంపును. నల్లని చిప్ప అధిక భాగమును త్రాగును. చాలచోట్ల తెల్ల హెల్మెట్ ఇంజనీర్లకు, పసుపుపచ్చ హెల్మెట్ కూలీలకు ఇచ్చు వాడుక ఉన్నది. అందరికన్న ఎక్కువసేపు ఎండలో నిలుచువానికే తెల్లదనము అధికముగా అవసరమని ఇంతవరకు చెప్పినదానివలన తేటపడుతున్నది.

2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయినారు. వడదెబ్బకు బలియగువారిలో ఆరుబయట పనిచేయు బీదలు, వృద్ధులు ముందు వరుసలో ఉంటారు. కావున నీడను గూర్చిన ఈ విచారణ సౌఖ్యమునకు సంబంధించినది కాదు, ప్రాణమునకు సంబంధించినది.

మునుపటి టోపీలు నేర్పు పాఠము

ఒకప్పుడు నీడ రాజచిహ్నము. మన కావ్యములలో రాజునకు శ్వేతచ్ఛత్రము ఉన్నట్లే, మొగలు దర్బారులో 'సాయాబాన్' ఉండెడిది. దీనికే 'ఆఫ్తాబ్‌గీర్' అని మరియొక పేరు. అండాకారముగా ఉండి జలతారు గుడ్డ తొడిగిన ఈ నీడపలకను ఒక సేవకుడు పట్టుకొని పాదుషాకు ఎండ తగులకుండ నిలుచునని అబుల్ ఫజల్ 'ఐనె అక్బరీ'లో వర్ణించినాడు. ఆంగ్లేయుల కాలములో దొరలు ధరించిన 'సోలా టోపీ' నీటి జీలుగు బెండుతో చేసినది. దాని అంచు వెనుకకు వెడల్పుగా వాలి మెడను కప్పెడిది. తలకు, టోపీకి నడుమ గాలి ఆడుటకు ఎడము ఉండెడిది. దానిచుట్టు చుట్టిన గుడ్డకు ఇంగ్లీషువారు మన 'పగ్డీ' మాటనే పేరుగా తీసికొన్నారు. ఎండను ఆపుటలో అది ఎంత చక్కని సాధనమో, రాతి దెబ్బను ఆపుటలో అంత నిరుపయోగము.

శ్రామికుల హెల్మెట్ చరిత్ర దీనికి తలక్రిందులు. 1919లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరములో బుల్లార్డ్ అను ఆయన ఆవిరిలో ఉడికించిన కాన్వాసు గుడ్డ, జిగురు, తోలు అంచులతో గని పనివారికి గట్టి టోపీ తయారుచేసినాడు. మొదటి ప్రపంచ యుద్ధమున సైనికులు ధరించిన ఇనుప టోపీ ఆయనకు మార్గము చూపినది. 1933లో ఆరంభమైన గోల్డెన్ గేట్ వంతెన నిర్మాణములో పనివారందరు గట్టి టోపీ ధరించవలెనని విధించినారు. ఆ తరువాత గుడ్డ పోయి లోహము, లోహము పోయి ప్లాస్టిక్ వచ్చినవి. మన దేశములో 1984లో సవరింపబడిన ఐ.ఎస్. 2925 అను భారతీయ ప్రమాణము దెబ్బకు తాళు శక్తిని, మొన దిగకుండు శక్తిని పరీక్షించు విధములను నిర్ణయించినది. ఈ మార్గమంతటను హెల్మెట్ శత్రువు పైనుండి పడు వస్తువే గాని సూర్యుడు కాడు. సోలా టోపీ గుణమును హెల్మెట్ బలముతో కలుపుటయే ఇప్పుడు మన ముందున్న పని.

ఎండ ఎక్కడ తగులును?

అనంతపురము భూమధ్యరేఖకు ఉత్తరమున ఇంచుమించు 14.7 డిగ్రీల అక్షాంశముమీద ఉన్నది. అందుచేత ఏప్రిల్ నెలాఖరున, తిరిగి ఆగస్టు రెండవ వారములో మధ్యాహ్నపు సూర్యుడు సరిగా మన నడినెత్తికి వచ్చును. ఆ సమయమున నిటారుగా నిలిచిన మనిషికి చిన్న అంచు కూడ చాలును. కాని ఉదయము సుమారు తొమ్మిది గంటలకు, సాయంకాలము సుమారు మూడు గంటలకు సూర్యుడు 45 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అప్పుడు అంచు ఎంత ముందుకు చాచియుండునో, నీడ అంతే క్రిందికి దిగును. వెడల్పు అంచు టోపీకి కనీసము 7.5 సెంటీమీటర్లు ఉండవలెనని ఆస్ట్రేలియాలోని క్యాన్సర్ నివారణ సంస్థలు చెప్పుతున్నవి. హెల్మెట్ అంచునుండి చొక్కా కాలరు వరకు ఇంచుమించు 15 సెంటీమీటర్లున్న మెడలో ఆ అంచు సగమునకే నీడ ఇచ్చును.

అంతకన్న ముఖ్యమైన విషయము మరియొకటి ఉన్నది. మన పనివాడు నిటారుగా నిలుచుట అరుదు. రాయి చీల్చువాడు, కాలువ త్రవ్వువాడు, ఇనుప కడ్డీలు కట్టువాడు నడుము వంచియే పనిచేస్తారు. వంగినవాని మెడ ఆకాశమునకు ఎదురుగా ఉండును. ముందుకు చాచిన హెల్మెట్ అంచు అప్పుడు నేలకు నీడ పట్టును గాని మెడకు కాదు. కావున గట్టి అంచు ఒక్కటి చాలదు. మెడతోపాటు వంగునట్టి గుడ్డ వెనుకను, ప్రక్కలను వ్రేలాడవలెను. నిటారుగా నిలిచిన బొమ్మకు కొలత తీసి కుట్టిన నీడ వంగిన మనిషికి సరిపోదని నమూనా తయారుచేయువారు మొదట గుర్తుంచుకొనవలెను.

హెల్మెట్‌ను చెడగొట్టని నీడ

హెల్మెట్ లోపల పట్టీల అల్లిక ఉండును. చిప్పకు, తలకు నడుమ అది కొంత ఎడము ఉంచును. దెబ్బ తగిలినప్పుడు పట్టీలు సాగి, ఆ బలమును తలమీద ఒకచోట పడనీయక నలుదిక్కులకు పంచును. ఆ ఎడములో తువ్వాలు కుక్కినచో దెబ్బ సూటిగా తలకు చేరును. గాలి కూడ ఆడదు. కనుక ఆ ఎడమును ఎన్నడును నింపరాదు. చెమటకొరకు గుడ్డ కావలెనన్నచో ముడిలేని పలుచని ఒంటిపొర గుడ్డను పట్టీల క్రింద తలమీద పరచుకొనుట మేలు. స్త్రీలు కొప్పు పైకి ముడిచి దానిమీద హెల్మెట్ పెట్టుకొన్నను ఈ చిక్కే కలుగును. జడను మెడదగ్గరకు దింపి ముడుచుకొనుట క్షేమము.

చిప్పకు రంధ్రము చేయరాదు, బోల్టు బిగించరాదు. ప్రతి రంధ్రము ఒక పగులుకు ఆరంభము. తిన్నర్ కలిసిన రంగులు, బలమైన జిగురులు కొన్ని ప్లాస్టిక్‌లను లోలోపల బలహీనపరచును గనుక వాటిని పూయరాదు.

ఇన్ని నిషేధములు పోగా మిగిలిన మార్గమేది? చిప్ప అంతటిని పైనుండి కప్పు తెల్లని గుడ్డ తొడుగును మేము సూచిస్తున్నాము. తొడుగు అంచును గొట్టమువలె మడచి కుట్టి, దానిలో నాడా దూర్చవలెను. నాడా బిగించినచో తొడుగు హెల్మెట్ అంచు క్రిందికి ముడుచుకొని పట్టుకొనును. నాడా కొసలు వ్రేలాడకుండ లోపలికి దోపవలెను. గాలి రంధ్రములున్న హెల్మెట్ అయినచో వాటికి ఎదురుగా తొడుగులో కూడ జాలి గుడ్డ వేయవలెను. మెడ గుడ్డను ఈ తొడుగుకు టిచ్ బటన్లతో తగిలించవలెను. యంత్రములో చిక్కుకొన్నచో గుడ్డ విడిపోవలెనే గాని మెడను లాగరాదు. టిచ్ బటన్ల ప్రయోజనము అదే.

మన కొండలమీద గాలిమరలు త్రిప్పు గాలి మెడ గుడ్డను ముఖముమీదికి ఎగురవేయగలదు. ఒకే వెడల్పు గుడ్డకు బదులు నడుమ ఒకదానిమీద ఒకటి నాలుగు వేళ్ళు పరచుకొను రెండు ముక్కలు కుట్టినచో గాలి సందులోనుండి పోవును. చెవులమీది భాగము పలుచగా ఉండవలెను. వెనుకకు వచ్చు లారీ హారను వినబడనిచో, ఎండను తప్పించుకొని చక్రము క్రింద పడినట్లగును.

గుడ్డ, దారము, నాడా

నీడ మన్నిక గుడ్డవలన మాత్రమే నిర్ణయము కాదు. మొదట తెగునది ఎలాస్టిక్. ఎండకు, చెమటకు రబ్బరు త్వరలోనే చచ్చును. అందుకే నాడాను ఎన్నుకొన్నాము. తెగినచో ఎవరైనను క్రొత్తది దూర్చుకొనగలరు. రెండవది దారము. నూలు దారముకన్న పాలిస్టర్ దారము ఎండకు, వానకు ఎక్కువ కాలము నిలుచును. నైలాన్ మెరిసినను ఎండలో బలము కోల్పోవు స్వభావము దానికి ఉన్నది.

గుడ్డ విషయములో పలుచని వదులు నేత పనికిరాదు. కంటికి నీడగా తోచినను అతినీలలోహిత కిరణములు దాని సందులలోనుండి దిగును. చెమటకు తడిసిన నూలు గుడ్డలో మరింత దిగును. గుడ్డను వెలుతురుకు పట్టి చూచినచో నేత సందులు కనబడరాదు. నూలు, పాలిస్టర్ కలిసిన దట్టమైన తెల్ల గుడ్డ సాధారణమైన పనులకు తగినది. వెల్డింగు చేయువారికి మాత్రము పాలిస్టర్ వాడరాదు. నిప్పురవ్వకు అది కరిగి చర్మమునకు అంటుకొనును. వారికి దట్టమైన నూలు గుడ్డయే శరణ్యము.

తొడుగువలన మరియొక లాభము ఉన్నది. ప్లాస్టిక్ చిప్పకు కూడ ఎండ శత్రువే. అతినీలలోహిత కిరణములు ప్లాస్టిక్‌లోని పొడవైన అణుశృంఖలలను త్రెంచును. చిప్ప వెలిసి, సుద్దవలె పొడి రాలి, పెళుసుబారును. ఎండను తొడుగు భరించినచో చిప్ప ఆయువు పెరుగును. అయితే పగులు తొడుగు చాటున దాగియుండవచ్చును. వారమునకు ఒకసారి తొడుగును ఉతుకుటకు తీసినప్పుడు చిప్పను పరీక్షించవలెను. రెండు చేతులతో ప్రక్కలు మెల్లగా నొక్కినచో చిటచిట శబ్దము వచ్చిన హెల్మెట్, గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగుగా కనబడినను పారవేయవలసినదే. తయారైన నెల, సంవత్సరము చిప్ప లోపల అచ్చువేసి ఉండును. కొనునప్పుడు దానిని చూచుట మరువరాదు.

మన చేతిలోని పని

ఈ తొడుగు కుట్టుటకు దూరదేశపు యంత్రము అక్కరలేదు. రాయదుర్గములో దుస్తులు కుట్టు పరిశ్రమ ఉన్నది. మన వీధులలో కుట్టుపని తెలిసిన తల్లులు, అక్కచెల్లెండ్రు ఉన్నారు. కావలసినది పరీక్షించిన నమూనా. ఆ పరీక్షను మన కళాశాల చేయగలదు. నాలుగైదు రకముల గుడ్డను, దారమును ఒకే కొలత ముక్కలుగా కత్తిరించి, సగము పెట్టెలో దాచి, సగము ఉగాదినుండి వానకాలము వరకు మేడమీద ఆరవేయవలెను. తరువాత ఒక్కొక్క ముక్కకు బరువు వ్రేలాడదీసి, ఎంత బరువుకు చిరుగునో వ్రాసికొనవలెను. పెట్టెలోని ముక్కకు, ఎండిన ముక్కకు గల తేడాయే ఆ గుడ్డ మన్నిక. భౌతికశాస్త్ర విద్యార్థులకు ఇది పాఠము, ఊరికి ఉపకారము. నమూనా సిద్ధమైన పిదప దానిని హెల్మెట్ తయారీదారులకు చూపి, తమ హెల్మెట్‌కు అది హాని చేయదని అంగీకారము పొందిన తరువాతనే పనివారికి పంచవలెను. ఈ చిన్న వ్యయమును కళాశాల కమిటీవారు దయతో ఆలోచించెదరని ఆశిస్తున్నాము.

ఎంత చక్కని తొడుగైనను నీటికి, విశ్రాంతికి ప్రత్యామ్నాయము కాదు. మధ్యాహ్నము పన్నెండునుండి మూడు గంటల వరకు ఎండలో శ్రమ మానవలెనను హితవును పని పెట్టువారు పాటించవలెను. తొడుగు ఇచ్చినాము గదా అని పని గంటలు పెంచినచో మేలుకు బదులు కీడే కలుగును.

తెలుగులో 'నీడ' అన్నను, ఉర్దూలో 'సాయా' అన్నను అర్థము ఒక్క చాయ మాత్రమే కాదు. అండ, ఆశ్రయము అని కూడ. పాదుషాకు నీడ పట్టుటకు ఒక మనిషి నిలిచెడివాడు. మన ఇండ్లను, కాలువలను కట్టువానికి ఆ నీడను మూరెడు గుడ్డ, ఒక నాడా, నాలుగు టిచ్ బటన్లతో అమర్చగలము. రాబోవు వేసవికి మునుపే ఆ పనికి పూనుకొందము.