డబ్బా పారేస్తే ఫోను పోయినట్టే!

నరసరావుపేట (మా విలేఖరి): మండలంలోని ఒక మిరప రైతు 2025 మార్చిలో నలభై టిక్కీల కాయతో గుంటూరు యార్డుకు వెళ్ళాడు. రాత్రి బస్తాల మీదే నడుం వాల్చాడు. తెల్లారి లేచి చూసుకుంటే చొక్కా జేబులో సెల్‌ఫోను లేదు. పక్క రైతు ఫోనుతో తన నంబరుకు చేయిస్తే రెండుసార్లు మోగింది. మూడోసారి స్విచ్చాఫ్ అన్నది.

ఫోను ఖరీదు పదకొండు వేలు. ఆయన గుండె గుభేలుమన్నది ఆ పదకొండు వేల కోసం కాదు. ఫోను వెనుక తొడుగులో మడిచిపెట్టిన చీటీ మీద డబ్బు పంపే పిన్ నంబరు రాసి ఉంది. కాయ అమ్మిన సొమ్ము ఒకటి రెండు రోజుల్లో పడవలసింది ఆ ఖాతాలోనే. పల్లెల్లో ఇలా చీటీ పెట్టుకునేవారు ఎందరో ఉన్నారు. మరచిపోతామని వారి భయం. దొంగకు తాళంచెవి కూడా మనమే ఇస్తున్నామని తట్టదు.

పక్క రైతు మంచి సలహా చెప్పాడు. "పోలీసుల దగ్గరకు తర్వాత పోదువుగాని, ముందు బ్యాంకుకు పో బాబాయ్" అన్నాడు. బ్యాంకు తలుపులు తీసేసరికి ఆయన గుమ్మంలో ఉన్నాడు. ఫోను ద్వారా చెల్లింపులు నిలిపివేయించాడు. పైసా పోలేదు. ఒకవేళ డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పాలి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును దారిలో ఆపడానికి అంత వీలుంటుంది.

సిమ్ముతో మరో చిక్కు

పాత నంబరుతోనే కొత్త సిమ్ము తీసుకోబోతే అది ఆయన పేరున లేదు. హైదరాబాదులో పనిచేసే కొడుకు పేరున ఉంది. కొడుకు అక్కడి దుకాణంలో వేలిముద్ర వేసి సిమ్ము తీసుకుని తెలిసినవారి చేత పంపేసరికి రెండు రోజులు పట్టింది. కొత్త సిమ్ము పనిచేయడం మొదలైన తర్వాత కూడా 24 గంటలపాటు సందేశాలు రావు. మోసగాళ్ళ చేతికి ఓ.టి.పి.లు చిక్కకుండా పెట్టిన నిబంధన ఇది. మంచిదే గాని, తెలియనివారు సిమ్ము చెడిపోయిందనుకుని మళ్ళీ దుకాణం చుట్టూ తిరుగుతున్నారు.

ఇక పోలీసు స్టేషనులో అడిగిన మొదటి ప్రశ్న, "ఐ.ఎం.ఇ.ఐ. నంబరు ఎంత?" అని. రైతు తన ఫోను నంబరు చెప్పాడు. అది కాదన్నారు. ప్రతి ఫోనుకూ తయారయ్యే చోటనే వేసే పదిహేను అంకెల నంబరు ఇది. ఎడ్ల బండికి కాక ఎద్దుకే వేసిన ముద్ర వంటిదనుకోవచ్చు. సిమ్ము మార్చినా ఇది మారదు. రెండు సిమ్ములు పట్టే ఫోనుకు ఇలాంటివి రెండు ఉంటాయి. ఇవి డబ్బా మీద అంటించిన కాగితంలో ఉంటాయి. సాధారణంగా బిల్లు మీదా వేస్తారు.

బిల్లు ఎప్పుడో పోయింది. డబ్బా మాత్రం ఆయన భార్య పారేయలేదు. గట్టిగా ఉందని అందులో బి.పి. మాత్రలు దాచుకుంటున్నది! ఆ డబ్బాయే ఫోనును తిరిగి తెచ్చింది.

కేంద్ర టెలికం శాఖ సి.ఇ.ఐ.ఆర్. అనే ఏర్పాటును 2023 మే నెలలో దేశమంతటికీ తెచ్చింది. పోలీసు ఫిర్యాదు ప్రతి, గుర్తింపు కార్డు, ఓ.టి.పి. వచ్చే నంబరు ఉంటే అందులో ఈ పదిహేను అంకెలు నమోదు చేయవచ్చు. 'సంచార్ సాథీ' యాప్‌లోనూ ఈ వీలుంది. నమోదైన ఫోను దేశంలో ఏ కంపెనీ సిమ్ముతోనూ పనిచేయదు. ఎవరైనా అందులో సిమ్ము వేస్తే ఆ సమాచారం పోలీసులకు చేరుతుంది. అయితే దొంగ ఫోనును విప్పి విడిభాగాలుగా అమ్మేస్తే జాడ దొరకడం కష్టం.

ఈ రైతు ఫోను మూడు నెలలకు దొరికింది. అది మరో జిల్లాలో ఒక తాపీ కూలీ దగ్గర ఉంది. సంతలో బిల్లు లేకుండా రెండున్నర వేలకు కొన్నాడట. ఫోను పోయె, డబ్బు పోయె, పైగా పోలీసులకు సంజాయిషీ. పాపం, ఆయన కూడా నష్టపోయినవాడే. పాత ఫోను కొనేవారు ఇంగ్లీషులో కె, వై, ఎం అక్షరాలు కొట్టి, ఖాళీ వదిలి, ఆ పదిహేను అంకెలు వేసి 14422 కు సందేశం పంపితే అది నిషేధించిన ఫోనో కాదో తెలుస్తుంది. ఈ సంగతి సంతలో అమ్మేవాడు చెప్పడు గదా!

గడ్డివాములో గంట

కనబడని ఫోనునల్లా దొంగే ఎత్తుకుపోలేదు. నాట్లు వేస్తూ వంగినప్పుడు మడిలో పడేవి, పశువులకు మేత వేస్తుంటే చొప్పలో దూరేవి, ట్రాక్టరు సీటు కింద జారేవి అనేకం. మోగకుండా పెట్టిన ఫోనైతే మనం చేసినా వినబడదు. అటువంటప్పుడు ఇంకొకరి ఫోనులో గూగుల్ 'ఫైండ్ హబ్' తెరిచి, మన గూగుల్ ఖాతాతో ప్రవేశించి మోగించవచ్చు. నిశ్శబ్దంలో ఉన్నా అది ఐదు నిమిషాలు గట్టిగా మోగుతుంది. ఫోనులో ఛార్జి, నెట్టు ఉండాలి.

చిక్కల్లా ఆ ఖాతా ఏదో మనకు తెలియకపోవడం. ఫోను అమ్మిన రోజున దుకాణంలో కుర్రవాడు ఏదో పేరుతో తెరుస్తాడు, ఏదో సంకేతపదం పెడతాడు. సాయంత్రానికి వాడే మరచిపోతాడు. కొన్న రోజునే అడిగి కాగితం మీద రాయించుకోవడం మేలు.

డబ్బా లేనివారు ఇప్పుడే తమ ఫోనులో స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ వరుసగా నొక్కితే ఆ అంకెలు తెరపై కనబడతాయి. చదువుకునే పిల్లల చేత ఒక నోటుపుస్తకంలో ఎక్కించుకోవచ్చు.

మిరప రైతు ఇంటికి ఈ విలేఖరి వెళ్ళినప్పుడు పశువుల కొట్టం గోడ మీద గేదె చూడికట్టిన తేదీ కింద బొగ్గుతో రెండు వరుసల అంకెలు కనిపించాయి. పక్కన పిన్ నంబరు కూడా రాశాడేమోనని దగ్గరకు వెళ్ళి చూస్తే ఆయన నవ్వాడు. రాయలేదు.