పాత కంప్యూటర్‌ను భంగార్‌కు వేసేముందు

బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లల్లో ఒక పంచాయితీ మొదలవుతుంది. ఏది లారీ ఎక్కాలి, ఏది ఇక్కడే వదిలెయ్యాలి? పాత కంప్యూటర్ వంతు వచ్చేసరికి అందరిదీ ఒకటే మాట: "భంగార్‌వాలాకు ఇచ్చెయ్యండి." సూరత్‌లో ఉన్నవాళ్లకు ఈ మాట చెప్పక్కర్లేదు. కొత్తగా వచ్చినవాళ్ల కోసం: పాత సామాన్లు కొనేవాడు.

ఇప్పుడు ఆ మాటకు ఇంకో కారణం తోడైంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, దాదాపు 2017 తర్వాత వచ్చిన ప్రాసెసర్ అడుగుతుంది. అవి లేనంత మాత్రాన కంప్యూటర్ పాడైనట్టు కాదు. ఇల్లు బాగానే ఉంది, కాపలావాడే మానేశాడు.

మరో కాపలావాణ్ణి పెట్టుకోవచ్చు. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న 21 ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్‌కు డబ్బు కట్టక్కర్లేదు. దాని మూల సంకేతాన్ని ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. అందుకే దానిమీద ఎన్నో ఆపరేటింగ్ సిస్టమ్‌లు పుట్టాయి. పాత కంప్యూటర్లకు లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ, లుబుంటు తేలికగా ఉంటాయి. 4 జీబీ ర్యామ్ ఉంటే మింట్ హాయిగా నడుస్తుంది. మన దేశంలో సీ-డాక్ సంస్థ బాస్ లినక్స్‌ను తయారుచేసింది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవాళ్లు లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని చేశారు.

అయితే రింగ్ రోడ్డు చీరల మార్కెట్లో దుకాణం ఉన్న స్నేహితుడికి ఈ సలహా ఇచ్చేముందు, అక్కడ బిల్లులు టాలీలో కొడుతున్నారేమో అడగండి. టాలీ విండోస్ కోసం చేసినది, లినక్స్‌లో నేరుగా నడవదు. అలాంటి కంప్యూటర్ జోలికి పోకపోవడమే మంచిది. నేను చెప్పేది ఇంట్లో చదువుకీ, ఉత్తరాలకీ, ఇంటర్నెట్‌కీ వాడేదాని గురించి.

పని మొదలుపెట్టేముందు ఫోటోలు, ఫైళ్లు అన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసి, అవి తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. డిస్కు మొత్తం తుడిచి కొత్తది ఎక్కిస్తే పాతవి తిరిగి రావు. తర్వాత లినక్స్ ఫైలును దాని అధికారిక సైటు నుంచే దించుకుని, 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రూఫస్ లాంటి ప్రోగ్రాంతో ఎక్కించాలి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదీ చెరిగిపోతుంది, ఖాళీది తీసుకోండి. కంప్యూటర్ ఆన్ చేస్తూనే ఎఫ్12 గానీ ఎస్కేప్ గానీ (కంపెనీని బట్టి మారుతుంది) నొక్కి పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే, డిస్కును ముట్టుకోకుండానే లినక్స్ తెరమీదకు వస్తుంది. వైఫై, శబ్దం, ప్రింటర్ అప్పుడే పరీక్షించండి. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేసి మళ్లీ ఆన్ చెయ్యండి, పాతదే వస్తుంది. నచ్చితేనే ఇన్‌స్టాల్ నొక్కండి, అదీ ఇంట్లో పెద్దవాళ్లు పక్కన ఉండగా.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. రింగ్ రోడ్డు దాటి లింబాయత్ వైపు వెళ్తే, మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాల వీధుల్లో తెలుగు వినిపిస్తుంది. ఊళ్లు మారే మనకు మాత్రం బడిలో హిందీ, ఇంగ్లీషు. తెలుగు ఇంట్లోనే, అదీ మాటల్లోనే. రాయడానికి చోటు ఈ కంప్యూటర్ ఇస్తుంది. సెట్టింగ్స్‌లో కీబోర్డు భాషకు తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అమరిక వస్తుంది. దీనిలో ఉన్న చమత్కారం ఏమిటంటే, భారతీయ లిపులకు మీటలు ఒకే తీరుగా కేటాయించారు. హిందీ 'క' వచ్చే కే మీటలోనే తెలుగు 'క', గుజరాతీ 'క' కూడా. 'అమ్మ' అని రాయాలంటే షిఫ్ట్‌తో డీ, తర్వాత సీ, డీ, సీ. మధ్యలో వచ్చే డీ పొల్లు, అదే ఒత్తును కలుపుతుంది. భాషను గుజరాతీకి మార్చి అవే మీటలు నొక్కితే గుజరాతీలో 'అమ్మ' పడుతుంది. హిందీలో లేని హ్రస్వ ఎ, ఒలకు మాత్రం వేరే మీటలు గుర్తుపెట్టుకోవాలి. మెనూలు కూడా తెలుగులోకి మార్చుకోవచ్చు, కానీ అనువాదం పూర్తికాలేదు, అక్కడక్కడ ఇంగ్లీషే కనిపిస్తుంది. ఆ అనువాదాలు చాలావరకు స్వచ్ఛందంగా చేస్తున్నవి. మిగిలిన మాటలకు తెలుగు రాసి పంపడానికి మీ వయసు అడ్డు కాదు.